తీగ కోయని మేస్త్రి

విజయవాడ ఆటోనగర్ మీద కథనం రాసుకురమ్మని ఎడిటర్‌గారు పంపారు. లారీ బాడీలు కట్టే షెడ్లు చూడాలన్నది అసలు పని. నేను మాత్రం కార్ల వైరింగ్ చేసే ఓ ఇరుకు షెడ్డు దగ్గరే ఆగిపోయాను.

"షోరూమ్‌లో అడిగితే సెట్టు మొత్తం మార్చాలన్నారండీ" అని ఒకాయన గోడు వెళ్లబోసుకుంటున్నాడు. చేతిలో పాత ఐపాడ్. అందులో వాళ్ల నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న హరికథలున్నాయి. వాటిని కారులో వినాలని ఆయన ఆశ. కారుతో వచ్చిన కంపెనీ సెట్టులో రేడియో, సీడీ తప్ప మరేమీ లేవు. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ పెట్టి చూస్తే ఊరు దాటేసరికి ఏదో ఒక స్టేషన్ మీద పడుతోందట.

"ఒక్క తీగ కూడా కోయక్కర్లేదు సార్" అన్నాడు మేస్త్రి.

సన్నటి రేకులు రెండు పక్కలా దూర్చి, గీత పడకుండా సెట్టును బయటికి లాగాడు. వెనక స్పీకర్ల కప్లర్ పక్కనే ఇంకోటి ఖాళీగా ఉంది. సీడీ ఛేంజర్ కోసం కంపెనీ వదిలింది అది. మీటరు పెట్టి ఎడమ, కుడి, ఎర్త్ సరిచూసుకున్నాడు. ఛేంజర్ ఉన్నట్టు సంకేతం అందకపోతే సెట్టు ఆ దారి తెరవదు. ఆ సంకేతం ఇచ్చే చిన్న అడాప్టర్ తగిలించాడు. పాటను హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీసుకోలేదు. 2003లో ఐపాడ్‌కు వచ్చిన 30 పిన్నుల సాకెట్ నుంచి తీసుకున్నాడు. అక్కడ ఐపాడ్ వాల్యూమ్‌తో సంబంధం లేకుండా శబ్దం ఒకే స్థాయిలో, శుభ్రంగా వస్తుంది.

ఇంజిన్ ఆన్ చేసి లైటర్ సాకెట్‌లో ఛార్జర్ పెట్టగానే సన్నటి ఈల మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా పెరిగింది. ఎర్త్ రెండు దారుల్లో కలిసినప్పుడు ఆల్టర్నేటర్ రొద ఇలా పాటలోకి చొరబడుతుంది. మేస్త్రి మధ్యలో ఐసోలేటర్ పెట్టాడు. అందులోని బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లలో తీగకు తీగ తగలదు, శబ్దం మాత్రం అయస్కాంత క్షేత్రం మీదుగా దాటుతుంది. ఈల పోయింది. హరిదాసుగారి చిడతలు విడివిడిగా వినిపించాయి. ఐపాడ్ తెచ్చినాయన మొహం చూశాక షోరూమ్‌వాళ్ల మీద నాకు ఒళ్లు మండింది.

పనికొచ్చే సెట్టును పారేయమనడం సేవ ఎలా అవుతుంది? కొత్త కార్లలో చాలావాటికి ఆక్స్ రంధ్రం కూడా లేదు. బ్లూటూత్ ఉందిగా అంటారు. ఈ పాత ఐపాడ్‌లో అదెక్కడుంది? యాపిల్ 2022 మేలో ఐపాడ్‌కు స్వస్తి చెప్పింది. ఆ ఏడాది జులైలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసి, ఆటోమొబైళ్లనూ అందులో చేర్చింది. ఆ హక్కు ఈ షెడ్డు దాకా రావాలంటే ముందు ప్రతి సెట్టు వైరింగ్ పటాన్నీ కంపెనీలు బయటపెట్టాలి. ఇంత నేర్పున్న మనిషి ఒక్కో పిన్నూ తడుముకుంటూ వెతుక్కోవాల్సిన ఖర్మేమిటి?

మీ కారులోనూ పాత సెట్టుంటే పారేయకండి. వెనక ఏ కప్లర్ ఖాళీగా ఉందో ముందు చూపించుకోండి. చూడకుండానే తీగ కోస్తానన్నవాడికి మాత్రం కారు అప్పగించకండి.