వాహనమును విడుచుట యెప్పుడు?

గృహస్థు వానప్రస్థమునకు బయలుదేరవలసిన వయస్సును మనుస్మృతి సంవత్సరములలో చెప్పలేదు, గురుతులలో చెప్పినది. ఒడలు ముడుతలు పడుట, తల నెరయుట, కుమారునకు సంతానము కలుగుట. సంఖ్యకంటె గురుతే నమ్మదగినదని నేను చదివినప్పుడెల్ల మెచ్చుకొనుచుంటిని. మోటారుసైకిలును విడుచుటకును అట్టి గురుతులుండునన్న మాట మాత్రము నలుబదియేడవ యేటగాని నాకు తట్టలేదు.

నా బండి మా తండ్రిగారి యెజ్డీ. దానిని చేసిన మైసూరు కర్మాగారము 1996లో మూతపడినది. బండి మాత్రము నడచుచునే యున్నది. కిక్కు కొట్టు కడ్డీయు, గేరు మార్చు కడ్డీయు దానికి ఒక్కటే. అలవాటు లేనివాడు దానిని కదలింపలేడు. ఆ గర్వము కొంత నాకు లేకపోలేదు.

2025 ఏప్రిలు, దాళ్వా కోతల రోజులు. అత్తిలిలో పెండ్లికి పోయి, రాత్రి తొమ్మిది గంటలకు నేనును నా భార్యయు తణుకునకు మరలుచుంటిమి. రైతులు రోడ్డున ఎడమ సగమున ధాన్యమారబోసి, నల్లని పరదా కప్పి, అంచున రాళ్లు పేర్చియుండిరి. వారిని నిందింపను, కళ్లము లేనివానికి తారురోడ్డే కళ్లము. ఎదుట వచ్చిన లారీ దీపములు నా కన్నులలో పడినవి. లారీ దాటిపోయినది గాని నా కన్నులలోని వెలుగు పోలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనులో సుమారు 14 మీటర్లు సాగును. అట్టి రెండు మూడు సెకనులు నేను చీకటిలోనికి పోయితిని.

"రాళ్లండీ, రాళ్లు!" అని వెనుకనుండి కేక. కుడికి త్రిప్పితిని, తప్పినది. ఎడమవైపు తిరిగి అడ్డముగా కూర్చున్న యామెకు అవి కనబడినవి. శిరస్త్రాణము నా తలపైననే యుండెను. ఆమె తలపై పూలు మాత్రముండెను. ఇరువురును ధరింపవలెనని చట్టమున్నది. దానిని నేను పిల్లలకు చెప్పుదును గూడ.

వయస్సు మీరినకొలది కంటి కటకము స్వచ్ఛతను కోల్పోవును, కాంతిని చెదరగొట్టును, మిరుమిట్ల నుండి తేరుకొనుటకు కాలమెక్కువ పట్టును. వెలుతురు గదిలో గోడమీది అక్షరములు చదివించు పరీక్షలో ఇది బయటపడదు. నాకు ఆ పరీక్షయు జరుగలేదు. 2021లో లైసెన్సు తిరిగి పొందునప్పుడు, నలుబది దాటినవాడను గావున, వైద్యుని పత్రము కావలసివచ్చినది. ఒక వైద్యుడు తలయెత్తకయే సంతకము చేసెను. ఆనాడు నాకది సౌకర్యముగానే తోచినది. కాగితము ప్రకారము 2031 వరకు నా చూపు నిర్దుష్టము!

మా తండ్రిగారు అరువదియెనిమిదవ యేట బండి మానిరి. మానిరనుట సరికాదు; కాలు విరిగినది. అంతకు రెండేండ్ల ముందునుండియే మా తల్లి వెనుక కూర్చుండుట మానివేసినది. అడిగినచో నడుమునొప్పి యనెడిది. మేమందరమును నమ్మితిమి. ఆమె నడుము నేటికిని దృఢముగనే యున్నది.

ఆ రాత్రి యిల్లు చేరినపిమ్మట నా భార్యను అడిగితిని.

"ఇవ్వాళ భయపడ్డావా?"

"ఇవ్వాళేమిటి? రెండేళ్లుగా రాత్రిపూట ఎక్కినప్పుడల్లా భయమేనండీ. అంటే మీకు కోపమొస్తుందని అనలేదు."

వానప్రస్థుడు భార్యను కొడుకుల కప్పగించి గాని, వెంటగొని గాని పోవచ్చునని స్మృతి చెప్పుచున్నది. ఆమె యేమనుకొనుచున్నదో అడుగుమని చెప్పలేదు. నేను కాలేజీలో ఆ శ్లోకమును అన్వయించి మెప్పు పొందిన దినమున గూడ ఈ లోపము నాకు తోచలేదు. మన యిండ్లలో మగవాడు బండి నడపుట పౌరుషమునకు చేరినది. వెనుక నెక్కినవారి ప్రాణము ఆ పౌరుషమునకు పూచీకత్తుగా నున్నది. వారి నోటికి మాత్రము నడుమునొప్పి తప్ప మరియొక మాట మనము మిగుల్చలేదు.

ఇప్పుడు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తాళపుచెవి ఆమె వద్ద నుండును. రెండవ శిరస్త్రాణము కొంటిని. రాత్రి ప్రయాణములకు బస్సున్నది. పగటి సంగతి ఆమె తనంతట చెప్పలేదు. అడుగుటకు నాకింకను ధైర్యము చాలలేదు.