పాస్టరు గారే ముందు

డిసెంబరు 1 ఎయిడ్స్ డే. దుమ్ముగూడెం, చర్ల వైపు చర్చిల్లో అప్పటికి క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలై ఉంటుంది. హెచ్ఐవీ పరీక్ష మాట ఎత్తడానికి అదే అదను అనిపిస్తుంది నాకు. ఊళ్లో జనానికి భయం సూదంటే కాదు, పక్కింటివాళ్ల నోరంటే. పాస్టరు గారే ముందు చెయ్యి చాపితే వెనక అందరూ వస్తారు, ఎవరూ ప్రత్యేకంగా కంటబడరు.

రిజల్టు మాత్రం విడిగా, ఆ మనిషికే చెప్పాలి. పాస్టరు గారికి కూడా చెప్పకూడదు (కొందరు పెద్దలు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ). 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా మామూలుగా పరీక్షా చెయ్యకూడదు, సంగతి బయటపెట్టనూకూడదు.

పాజిటివ్ అని తేలితే ప్రార్థన మానక్కర్లేదు, మాత్రలూ మానకూడదు. ఈ ముక్క పుల్పిట్ మీంచే రావాలి. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో హెచ్ఐవీ మందులు ఉచితం. సందేహాలుంటే 1097కి ఫోన్ చెయ్యండి, టోల్ ఫ్రీ.