గుచ్చే గొంగడి, గుచ్చని మెరినో

ఉన్ని ఒంటికి తగిలితే దురద పుట్టడాన్ని ఊళ్లలో ‘గొంగడి పడదు’ అంటారు. నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల మండలంలో ఈ మాట ఎక్కువగా వినిపించేది కార్తీకం నుంచి మాఘం దాకా. యాసంగి వేరుశనగకు రాత్రి కావలి పండేవాళ్లు, దుందుభి వాగు వెంట జీవాలను తోలేవాళ్లు, తెల్లారకముందే మోటారుసైకిల్ మీద అచ్చంపేట బయల్దేరేవాళ్లు చలికి ఏదో ఒక ఉన్ని బట్టను వెదుక్కునే నెలలు అవి. వైద్యుని బల్ల ముందుకు వచ్చేసరికి ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు బయటపడతాయి.

మొదటి రకం దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. వయసు మళ్లిన గొర్రెల కాపరి ‘గొంగడి పడ్తలేదు సార్’ అంటూ మెడ చూపిస్తాడు. మెడ పక్కల, మోచేతి మడతల్లో చర్మం తోలులా మందమై, నల్లబడి, గీతలు లోతుగా దిగి ఉంటాయి. బనీను పైకెత్తి చూస్తే వీపు, కడుపు నున్నగా ఉంటాయి. జబ్బు బనీను అంచు దగ్గరే ఆగింది కాబట్టి దాని మూలం రక్తంలో వెదకనక్కర్లేదు. బట్ట చర్మాన్ని గుచ్చింది, గోరు దాన్ని గోకింది, ఏళ్ల తరబడి గోకడంతో చర్మం మొద్దుబారింది.

ఉన్ని వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. మన జుట్టు, గోళ్లు కూడా ఆ జాతివే. తేడా మందంలో ఉంది. దాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. బట్ట మీంచి పైకి లేచిన వెంట్రుక కొన చర్మానికి ఆనినప్పుడు సన్నదైతే వంగిపోతుంది. సుమారు 30 మైక్రాన్లు దాటినదైతే వంగకుండా నిలబడి, చర్మం పైపొరల్లోని నరాల కొనలను పొడుస్తుంది. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బలం పదహారు రెట్లవుతుంది. సన్నని ఉన్నికి పేరున్న మెరినో జాతి గొర్రె 18 మైక్రాన్ల వెంట్రుక పక్కన 36 మైక్రాన్ల ముతక వెంట్రుక కంటికి కొంచెమే లావు, చర్మానికి మాత్రం ముల్లు. బట్టంతా ముతకదే కానక్కర్లేదు. నూటికి ఐదు వెంట్రుకలు 30 మైక్రాన్లు దాటినా చాలామందికి గుచ్చుతున్నట్టే ఉంటుంది.

పాలమూరు చెల్కల్లో తిరిగే దక్కనీ గొర్రె బొచ్చు ముతకది. కురుమలు దాన్ని కత్తిరించి, ఏకి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గం మీద గొంగడి నేస్తారు. గంజితో అది మరింత బిరుసెక్కుతుంది. వాన నీరు జారిపోవడానికి, గాలి దూరకుండా ఉండటానికి, రాళ్ల నేల మీద పరుచుకోవడానికి ఆ బిరుసే అక్కరకొస్తుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అన్న సామెత గొంగడి తత్వం తెలిసి పుట్టిందే. అది పైన కప్పుకోవడానికి నేసిన బట్ట. కాపరి మెడకు కావలసింది గొంగడి మానేయడం కాదు, గొంగడికీ చర్మానికీ మధ్య మెత్తటి నూలు బట్ట. నిండు చేతుల చొక్కా, మెడ చుట్టూ పాత పంచె ముక్క, కొన్ని వారాల పూతమందుతో ఆ చర్మం మెల్లగా పలచబడుతుంది.

అసలైన ఉన్ని అలర్జీ అరుదు. ఉన్ని మీది మైనం లానోలిన్ కొందరికి పడదు. రంగులూ ఒక్కోసారి కారణమవుతాయి. ఎగ్జిమా ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్ల చర్మం ముందే పొడిబారి, చిన్న రాపిడికే మండిపడుతుంది. చర్మవైద్యులు హనిఫిన్, రాజ్కా 1980లో ఎగ్జిమాను గుర్తించడానికి ఇచ్చిన లక్షణాల పట్టికలో ‘ఉన్ని సహించకపోవడం’ కూడా ఒకటి. అమ్మమ్మ అల్లిన టోపీ పెట్టాక పసిబిడ్డ చెవుల వెనుక, గడ్డం కింద ఎర్రబారి కారడం ఆ కోవలోనిదే. అయితే ఈ పిల్లలకు ఉన్ని వద్దనే మాట ముతక ఉన్నికే వర్తిస్తుంది. మెల్‌బోర్న్‌లో 39 మంది చిన్నపిల్లలకు కొన్ని వారాలు అతి సన్నని మెరినో, కొన్ని వారాలు నూలు బట్టలు తొడిగి చూసి, 2017లో ప్రచురించిన పరీక్షలో మెరినో వేసుకున్న వారాల్లోనే ఎగ్జిమా ఎక్కువగా తగ్గింది.

ఉన్ని నెత్తిన పడే నిందల్లో కొన్ని దానివి కావు. ఇంట్లో అందరికీ దురద, అదీ రాత్రిపూట, వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ ఉంటే అది గజ్జి. ఒకే గొంగడి కింద నలుగురు పడుకోవడంతో పురుగు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మందు ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి, గొంగడిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వారం రోజులు పక్కన పెట్టాలి. అంచు ఎర్రగా లేచి గుండ్రంగా పాకే మచ్చ తామర. సంతలో ‘ఉన్ని’ పేరుతో అమ్మే స్వెట్టర్లు చాలావరకు అక్రిలిక్ దారంవి. అవి చెమటను పీల్చవు, తడి లోపలే నిలిచి తామరకు పాదు కడుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు చల్లారినట్టుండి, తర్వాత చుట్టూ పాకుతుంది. చెట్టు కింద ఆరేసిన బట్ట వేసుకున్న గంటలోనే గీతలుగా దద్దుర్లు లేస్తే గొంగళి పురుగు నూగును అనుమానించాలి. ఆ పురుగుకు గొంగడి పేరు ఊరికే రాలేదు.

ఆరుబయట పనికి ఉన్ని మేలు చేసేది తడి విషయంలో. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను వెంట్రుక లోపలికి పీల్చుకున్నా చేతికి తడిగా అనిపించదు. పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుస్తుంది. నూలు బనీను చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటుంది, గాలి తగలగానే చల్లబరుస్తుంది. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లోయ దిగి ఎక్కేవాళ్లు చెమటలో మునిగి, నీడలో కూర్చోగానే వణకడం ఇందువల్లనే. చర్మానికి ఆనే పొర సన్నని మెరినో అయితే ఈ వణుకు తగ్గుతుంది, వాసనా తొందరగా పట్టదు. అంత ఖర్చు వద్దనుకునేవాళ్లకు ఇంకో నూలు బనీను సంచిలో పెట్టుకుని తడిసింది మార్చుకోవడం సరిపోతుంది.

ఇక నిప్పు. కావలి రాత్రుల్లో చలిమంట దగ్గర కాలిన గాయాలు రెండు రకాలు. పాలిస్టర్, అక్రిలిక్ బట్ట నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. పీకితే చర్మం ఊడి వస్తుంది. అందుకే ముందు చల్లటి నీళ్లు ధారగా పోయాలి, అంటుకున్న ముక్కను ఆసుపత్రిలోనే తీయించాలి. ఉన్ని సులువుగా అంటుకోదు, నిప్పు తీసేస్తే బొగ్గులా మాడి ఆరిపోతుంది. రెండో రకానికి మంట తగలనక్కర్లేదు. రోజూ దగ్గరగా కూర్చుని చలి కాగేవాళ్ల మోకాళ్ల కింద వల పరిచినట్టు గోధుమరంగు మచ్చలు వస్తాయి. దూరం జరిగితే కొన్ని నెలల్లో మాసిపోతాయి, పట్టించుకోకపోతే ఆ చర్మంలో ఏళ్ల తర్వాత మానని పుండు లేచి కంతిగా మారే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు చీటీ మీద ‘100 శాతం ఉన్ని’ అన్న మాట చాలదు. మెరినో అని ఉండాలి, మైక్రాన్ల అంకె ఉంటే ఇంకా మంచిది. ఒంటికి నేరుగా తగిలే బట్టకు 20 లోపు, ఎగ్జిమా ఉన్నవాళ్లకు 17, 18. అంకె లేకపోతే బట్టను అరచేతితో కాక మెడ పక్కన అయిదు నిమిషాలు ఆనించి చూడాలి. అరచేయి కాయకాసి ఉంటుంది, మెడ అబద్ధం చెప్పదు. ఉతికేది చల్లని నీళ్లలో, తక్కువ సబ్బుతో. పిండకుండా, నీడలో పరిచి ఆరబెట్టాలి. వేడి నీళ్లలో వేసి బండకేసి బాదితే వెంట్రుకల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది, మెత్తదనం పోయి గొంగడిలా బిగుస్తుంది. అప్పుడు దాన్ని కూడా చొక్కా మీద వేసుకోవలసిందే.