కొత్తవాళ్లకి కాస్త చోటు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ఒక ‘బడ్డీ’ని అప్పగిస్తుంటారు. క్యాంటీన్ ఎక్కడ, ఎవరిని ఏం అడగాలి... అన్నీ ఆ బడ్డీయే చెప్పాలి. మరి పొలంలోకో, తీరానికో కొత్తగా వచ్చిన ప్రాణి సంగతేంటి? చూడాలనుంటే ఈ చలికాలం రెండ్రోజులు సెలవు పెట్టి, గుడివాడ నుంచి బందరు మీదుగా దివిసీమ దాకా వెళ్లి రండి.

గుడివాడ దాటితే రోడ్డుకి రెండు పక్కలా వరిచేలు, చేపల చెరువులు. కాలువగట్టు మీద గేదెలు మేస్తున్నాయంటే, వాటి కాళ్ల దగ్గర తెల్లకొంగలు కనిపిస్తాయి. గేదె అడుగేస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి. కొంగ టక్కున పట్టేస్తుంది. గేదెకి పెద్దగా లాభం లేదు, నష్టమూ లేదు. అందుకే తోకతో ఈగల్ని తోలుకుంటుంది గానీ కొంగ జోలికి పోదు.

ఈ పశువుల కొంగకి ఆఫ్రికాలో దగ్గరి చుట్టం ఉంది. అది 19వ శతాబ్దం చివర్లో అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరింది. తర్వాత ఉత్తర అమెరికాకీ పాకింది. అక్కడి ఆవులు అలాంటి పిట్టని అంతకుముందు చూసి ఎరగవు. అయినా పక్కన తిరగనిచ్చాయి. స్నేహంలో మొదటి మెట్టు అదేనేమో, తరిమేయకపోవడం.

బందరు దగ్గర మంగినపూడి బీచ్‌లో ఇసుక కంటే నల్లమట్టే ఎక్కువ. ఈ తీరం పొడవునా నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బురద నేలలు బయటపడతాయి. చలికాలంలో ఎక్కడో ఉత్తరాన ఉన్న చలిదేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి ఉల్లంకి పిట్టలు, కర్లూలు ఇక్కడికొస్తాయి. ఇక్కడే పుట్టి పెరిగిన కొంగలు అప్పటికే కాపురముంటాయి. మరి తిండికి తగువు రాదా? అసలు రాదని కాదు గానీ, ముక్కుల కొలతే చాలా తగువులు తీరుస్తుంది. పొట్టి ముక్కు పిట్ట బురద పైన ఏరుకుంటుంది. పొడుగ్గా వంగిన ముక్కున్న కర్లూ లోతు నుంచి ఎర్రల్ని, పీతల్ని లాగుతుంది. బురద ఒకటే, ఎవరి లోతు వాళ్లది.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరితే దివిసీమలో ఉన్నట్టే. నాగాయలంక దిగువన మడ అడవులు మొదలవుతాయి. 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఇక్కడిదే. ఇందులో ఉండే ఫిషింగ్ క్యాట్‌ని బావురుపిల్లి అని కూడా అంటారు. మన ఇంటి పిల్లికి దాదాపు రెండింతలుంటుంది. వేళ్ల మధ్య సన్నని పొర, నీళ్లంటే భయం లేదు, చేపలే ప్రధాన ఆహారం.

ఇక్కడ కథ తిరగబడుతుంది. ఈ పేటలో పిల్లి పాత కాపు. చేపల చెరువులు, రొయ్యల చెరువులతో కొత్తగా దిగింది మనం. రాత్రిపూట అది చెరువులో ఒక చేప పట్టుకుంటే దొంగ అంటాం. రైతు పెట్టుబడి పెట్టాడు, ఆయన బాధ నిజమే. కానీ మడ చెట్లు కొట్టేస్తే పోయేది పిల్లి ఇల్లొక్కటే కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనని దివిసీమ ఇంకా మర్చిపోలేదు. అలల జోరుని కొంతైనా తగ్గించేది ఆ చెట్ల వేళ్లే. పిల్లికి చోటు మిగిలితే మన గోడ కూడా మిగిలినట్టే.

మనకి మర్యాద తెలియదనీ కాదు. చలికాలం రాత్రుళ్లు ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కోటి వంద దాకా. వాటిని అటవీశాఖవాళ్లు జాగ్రత్తగా ఏరి, కంచె కట్టి కాపాడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. తల్లి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. బడ్డీలాంటివాళ్లెవరైనా ఉన్నారంటే, ఆ పిల్లల్ని సముద్రం ఒడ్డున వదిలే మనుషులే.

మీరు వెళ్లేసరికి పిల్లల్ని వదిలే సమయమైతే మీ వంతు సాయం ఒకటుంది. అవి వెలుతురుని బట్టి సముద్రం ఎటో పోల్చుకుంటాయి. మన లైట్లు చూస్తే దారి తప్పుతాయి. కాబట్టి ఫోన్ ఫ్లాష్ ఆపేసి, రెండడుగులు వెనక్కి జరగండి.