అమ్మానాన్నల పాట

పాఠ పరిచయం

ఇది ఒక స్వీయానుభవ వ్యాసం. ఇందులో రచయిత తాను చాలాకాలంగా వింటున్న ఒక కచేరీ ఆల్బం గురించి చెబుతారు. అమెరికాలో పెరిగిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు తమ పెద్దల పాటను ఎప్పుడు, ఎలా నేర్చుకున్నారో ఈ పాఠంలో చదువుతారు. చదువుతున్నప్పుడు మీ ఇంట్లో, మీ ఊళ్లో విన్న పాటలను గుర్తు చేసుకోండి.

1. చప్పట్లతో కూడిన రికార్డు

పాటను రెండు రకాలుగా రికార్డు చేస్తారు. మొదటి రకం స్టూడియోలో జరుగుతుంది. అక్కడ తలుపులు మూసి ఉంటాయి. తప్పు వస్తే ఆపి మళ్లీ పాడవచ్చు. ఒక్కొక్క వాయిద్యాన్ని విడిగా రికార్డు చేసి తరువాత అన్నింటినీ కలపవచ్చు. రెండో రకం జనం ఎదుట జరుగుతుంది. కచేరీ నడుస్తుండగానే రికార్డు చేస్తారు. అందులో పాటతో పాటు చప్పట్లు, ఈలలు, మధ్యలో గాయకులు చెప్పే మాటలు కూడా వినిపిస్తాయి. దీనిని 'లైవ్ ఆల్బం' అంటారు.

నాకు ఈ రెండో రకమే ఎక్కువ ఇష్టం. పందిట్లో కూర్చుని పద్యనాటకం చూసినవారికి దీనికి కారణం చెప్పనక్కరలేదు. పద్యం బాగుంటే మనం 'వన్స్‌మోర్' అని కేక వేస్తాం. ఆ కేక వినగానే నటుడి గొంతులో ఊపు పెరుగుతుంది. రెండోసారి పాడిన పద్యం మొదటిసారి పాడినట్లు ఉండదు. వినేవారికి కూడా ఆ పాటలో వాటా ఉంటుంది.

నా దగ్గర ఉన్న ఇలాంటి ఆల్బంలలో ఒకదాని పేరు 'డిస్‌కనెక్టెడ్ ఇన్ న్యూయార్క్ సిటీ'. ఇది 2013లో విడుదలయింది. పాడినవారు 'లాస్ లోబోస్' అనే బృందం. లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒకసారి ఇండియా వచ్చినప్పుడు ఈ సీడీ తెచ్చి ఇచ్చాడు.

"మామయ్యా, ఇందులో కొన్ని పాటలు స్పానిష్‌లో ఉంటాయి. మీకు అర్థం కావు. అయినా ఒకసారి వినండి" అన్నాడు.

విన్నాను. మాటలు తెలియకపోయినా ఆ పాటల్లో ఏదో ఇంటి వాసన ఉందనిపించింది. వీళ్లు ఎవరో తెలుసుకోవాలని అప్పటి నుండి దొరికింది దొరికినట్లు చదువుతూ వచ్చాను.

2. తోడేళ్ల జట్టు

స్పానిష్ భాషలో 'లాస్ లోబోస్' అంటే తోడేళ్లు. లాస్ ఏంజెలెస్ నగరానికి తూర్పు వైపున మెక్సికన్ కుటుంబాలు ఎక్కువగా నివసించే ప్రాంతం ఉంది. దానిని ఈస్ట్ లాస్ ఏంజెలెస్ అంటారు. 1973లో అక్కడి నలుగురు యువకులు ఈ బృందంగా ఏర్పడ్డారు. వారి పేర్లు డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్, సీజర్ రోసాస్, కాన్రాడ్ లొజానో. ఆ ప్రాంతంలోని గార్ఫీల్డ్ హైస్కూలు వారి స్నేహానికి పునాది. స్టీవ్ బెర్లిన్ అనే శాక్సఫోన్ వాద్యకారుడు 1980లలో వారితో చేరాడు.

ఆ హైస్కూలుకు ఒక చరిత్ర ఉంది. అప్పట్లో బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడినందుకు పిల్లలను శిక్షించేవారు. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాష బడి గేటు దాటగానే తప్పయిపోయేది. 1968 మార్చిలో ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోని పలు హైస్కూళ్ల విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. గార్ఫీల్డ్ విద్యార్థులు కూడా వారిలో ఉన్నారు. రెండు భాషల్లో చదువు చెప్పాలనీ, తమ ప్రజల చరిత్రను కూడా పాఠాల్లో చేర్చాలనీ వారు కోరారు.

అలాంటి వాతావరణంలో పెరిగిన పిల్లలకు తమ ఇంటి పాట మీద మోజు ఎలా ఉంటుంది? రేడియోలో వచ్చే రాక్ పాటలే వారికి గొప్ప. అమ్మానాన్నలు పెట్టుకునే మెక్సికన్ రికార్డులు ఇంట్లో మోగుతూనే ఉండేవి. కానీ పిల్లలు వాటిని పట్టించుకోలేదు. ఈ నలుగురూ మొదట వేరువేరు రాక్ బృందాల్లో గిటార్లు వాయించినవారే.

ఇరవై ఏళ్లు అటూఇటూ ఉన్న వయసులో వారి దృష్టి మారింది. ఇంట్లోని పాత రికార్డులు బయటకు తీశారు. ఈ పాటలు తేలిక అనుకున్నారు. తీరా చేత్తో వాయించబోతే అవి లొంగలేదు. లయ ఒక చోట ఉంటే, మాట ఇంకొక చోట పడేది. రికార్డు మళ్లీ మళ్లీ పెట్టుకుని, చెవితో విని, ఒక్కొక్క పాటా నేర్చుకున్నారు. పేర్లు కూడా తెలియని పాత వాయిద్యాలను సంపాదించి సాధన చేశారు. ఈ చదువుకు తరగతి గది లేదు, పరీక్ష లేదు.

పరీక్ష లేదన్నాను గానీ, ఒకటి ఉంది. పెళ్లిళ్లలో, విందుల్లో, చిన్న హోటళ్లలో పెద్దవాళ్ల ముందు పాడటమే ఆ పరీక్ష. పాట తెలిసిన వృద్ధులు ఎదురుగా కూర్చుని ఉంటే తప్పు దాచడం కష్టం కదా! దాదాపు పదేళ్ల పాటు వారు ఇలాగే పాడారు.

3. తిత్తి ఊదిన పాట

ఈ ఆల్బం వినేటప్పుడు అకార్డియన్ అనే వాయిద్యాన్ని గమనించాలి. మన హార్మోనియం తెలిసినవారికి దీనిని అర్థం చేసుకోవడం సులభం. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటిలోనూ గాలితిత్తి ఉంటుంది. తిత్తిలోని గాలి సన్నని లోహపు రీడ్ల మీదుగా పోయినప్పుడు అవి కదిలి స్వరం పలుకుతుంది. హార్మోనియాన్ని నేల మీద పెట్టి ఒక చేత్తో తిత్తి కొడతాం. అకార్డియన్‌ను మెడకు తగిలించుకుని, రెండు చేతులతో చాచుతూ మూస్తూ, బొత్తాలు నొక్కుతారు.

సిరిల్ డెమియన్ అనే వ్యక్తి 1829లో వియన్నా నగరంలో అకార్డియన్‌కు పేటెంటు పొందాడు. 19వ శతాబ్దంలో జర్మనీ, చెక్ ప్రాంతాల నుండి టెక్సాస్‌కు వలస వచ్చిన రైతులు ఈ వాయిద్యాన్నీ, పోల్కా అనే నృత్యపు లయనూ వెంట తెచ్చుకున్నారు. పక్కనే ఉన్న మెక్సికన్ కూలీలు వాటిని విన్నారు. తమ పన్నెండు తీగల గిటార్ 'బాహో సెస్తో'ను అకార్డియన్‌కు జత చేశారు. స్పానిష్‌లో పాడారు. ఇలా రెండు వలసల కలయికతో పుట్టిన సంగీతానికి 'టెక్స్‌మెక్స్' అనే పేరు వచ్చింది. టెక్స్ అంటే టెక్సాస్, మెక్స్ అంటే మెక్సికో.

చాలాకాలం దీనిని కూలివాళ్ల పాటగా, తాగుడు పాకల పాటగా చిన్నచూపు చూశారు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకు చెందిన ఫ్లాకో హిమెనెజ్ వంటి కళాకారులు దానికి ప్రపంచమంతటా గౌరవం తెచ్చారు. ఆయన 2025లో కన్నుమూశారు. లాస్ లోబోస్ టెక్సాస్ వారు కారు. అయినా హిడాల్గో అకార్డియన్ పట్టుకుంటే ఆ టెక్సాస్ పాట పలుకుతుంది. 1998లో హిడాల్గో, రోసాస్ ఇద్దరూ 'లాస్ సూపర్ సెవెన్' అనే బృందంలో హిమెనెజ్‌తో కలిసి వాయించారు కూడా.

4. ఉమ్ములు, తరువాత చప్పట్లు

సొంత వాడ దాటి పెద్ద వేదిక ఎక్కిన తొలి రోజులు సుఖంగా గడవలేదు. 1980లో లాస్ ఏంజెలెస్‌లో 'పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్' అనే ఇంగ్లీషు బృందం కచేరీకి ముందు వీరికి పాడే అవకాశం వచ్చింది. వీరు మెక్సికన్ జానపద గీతాలు మొదలుపెట్టారు. పంక్ సంగీతం కోసం వచ్చిన కుర్రకారు కేకలు వేసి, ఉమ్మి, చేతికి దొరికినవి విసిరి వారిని వేదిక దింపేశారు.

వారు పాట మానలేదు. జానపదంతో పాటు రాక్‌ను కూడా మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. 'ఆన్సెల్మా' అనే అకార్డియన్ పాటకు 1984లో గ్రామీ పురస్కారం వచ్చింది. ఆ తరువాత 1987లో 'లా బాంబా' వచ్చింది.

'లా బాంబా' మెక్సికో దేశంలోని వేరాక్రూజ్ ప్రాంతపు జానపద గీతం. అక్కడి పెళ్లిళ్లలో ఈ పాటకు దంపతులు నృత్యం చేస్తూ, నేల మీద పరిచిన రిబ్బనును చేతులతో ముట్టకుండా పాదాలతోనే ముడి వేస్తారు. 1958లో రిచీ వాలెన్స్ అనే కుర్రవాడు దీనిని రాక్ పాటగా మార్చి పాడాడు. అతనిది మెక్సికన్ కుటుంబమే. కానీ ఇంగ్లీషులోనే పెరిగాడు. స్పానిష్ సరిగా రాదు. పాటలోని మాటలను పలుకుబడి పట్టి నేర్చుకున్నాడు. 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 17 సంవత్సరాలే.

అతని జీవితం మీద 1987లో వచ్చిన సినిమాకు లాస్ లోబోస్ ఈ పాట పాడారు. అది అమెరికా పాటల పట్టికలో మూడు వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. ఆ పాట చివర వారు ఒక పని చేశారు. రాక్ హోరు ఆపి, వేరాక్రూజ్ పల్లెల్లో వాయించే పాత బాణీతో ముగించారు. తాము ఈ పాట ఎక్కడి నుండి తెచ్చుకున్నారో వినేవారికి అలా చూపించారు.

ఇంత పేరు వచ్చాక అలాంటివే మరి నాలుగు పాటలు చేసి సొమ్ము చేసుకోవచ్చు. వారు 1988లో 'లా పిస్తోలా ఇ ఎల్ కొరాసోన్' అనే ఆల్బం చేశారు. అందులో ఉన్నదంతా మెక్సికన్ సంప్రదాయ సంగీతమే. పెళ్లి పందిళ్లలో నేర్చుకున్నదాన్ని ఈసారి దేశమంతటికీ వినిపించారు.

5. నలభై ఏళ్ల తరువాత

ఇప్పుడు ఆల్బం దగ్గరకు వద్దాం. ఇది న్యూయార్క్‌లోని 'సిటీ వైనరీ'లో రికార్డయింది. అక్కడ జనం బల్లల ముందు కూర్చుని, తింటూ తాగుతూ పాట వింటారు. అంటే పాతికవేల మంది నిండిన మైదానం కాదు. పక్కవాడి ముఖం కనిపించేంత చోటు. 'డిస్‌కనెక్టెడ్' అంటే తీగ తీసేసిన అని అర్థం. ఎలక్ట్రిక్ గిటార్ల హోరు బాగా తగ్గించి, మామూలు గిటార్లతో, పాత తీగ వాయిద్యాలతో పాడారు కాబట్టి ఆ పేరు.

బృందం ఏర్పడి నలభై ఏళ్లు నిండిన సంవత్సరంలో ఇది విడుదలయింది. మొదటి నలుగురూ అప్పటికీ కలిసే ఉన్నారు. నలభై ఏళ్లు కలిసి సంసారం చేసిన మనుషుల మాటలు విన్నారా? ఒకరు వాక్యం మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేస్తారు. ఇక్కడ గిటార్లు అలా మాట్లాడుకుంటాయి. ఒకరు తగ్గిన చోట మరొకరు అందుకుంటారు. తొందరపడటం లేదు. ఎవరి నేర్పు వారు చాటుకోవడం లేదు.

'ద నైబర్‌హుడ్' తమ వాడ గురించిన పాట. 'టిన్ కాన్ ట్రస్ట్' చేతిలో చిల్లిగవ్వ లేనివాడి ప్రేమ. 'చూకోస్ కుంబియా' వినగానే కాళ్లు కదులుతాయి. వీటిలో నేను ఎక్కువసార్లు విన్నది 'సెయింట్ బిహైండ్ ద గ్లాస్'. ఇంట్లో అద్దం వెనుక ఉన్న ఒక పుణ్యపురుషుడి పటం ఆ ఇంటివాళ్లను చూస్తూ ఉంటుంది. పాటలో ఉన్నది అంతే. గోడ మీద దేవుడి పటం కింద నిద్రపోయిన వాళ్లం మనమందరమూ. ఆ పాటను అర్థం చేసుకోవడానికి నాకు ఏ నిఘంటువూ అవసరం కాలేదు.

'లా బాంబా' కూడా ఈ ఆల్బంలో ఉంది. ఎన్ని వేలసార్లు పాడి ఉంటారో ఆ పాటను! అయినా జనం చప్పట్లతో లయ వేస్తుంటే వారి గొంతులో విసుగు వినిపించదు.

2021లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ వీరికి జాతీయ వారసత్వ గౌరవం ప్రకటించింది. ఒకప్పుడు బడిలో శిక్ష తెచ్చిన భాషలోని పాటే ఆ దేశపు వారసత్వమని గుర్తింపు పొందింది.

6. వారసత్వం దానంతట అది రాదు

ఆ సీడీ ఇచ్చిన మేనల్లుడికి ఒక కూతురు ఉంది. లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టింది. ఫోనులో నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. అన్నీ అర్థమవుతాయి, నోట మాట మాత్రం రాదు. మా చెల్లెలు దీనికి చాలా బాధపడుతుంది. "నేను పాడే పాట దానికి అక్కరలేదురా అన్నయ్యా" అంటుంది.

నేను చెల్లెలికి ఈ నలుగురి సంగతి చెప్పాను. వాళ్లకూ పదిహేనేళ్ల వయసులో అమ్మ పాట అక్కరలేదు. ఇరవై ఏళ్లకు కావలసి వచ్చింది. కావలసి వచ్చిననాడు రికార్డు ఇంట్లోనే ఉంది. అదే ముఖ్యం. అమ్మానాన్నలు ఆ రికార్డులను పారేసి ఉంటే, పిల్లలు విననందుకు అలిగి పాడటం మానేసి ఉంటే, నేర్చుకుందామన్నా ఏమీ మిగిలేది కాదు.

పొలం, ఇల్లు తండ్రి పోగానే కొడుకు పేరు మీదికి మారతాయి. పాట అలా మారదు. భాష కూడా మారదు. నేర్చుకునేవాడు కూర్చుని నేర్చుకోవలసిందే. ఆ పనికి వయసు దాటిపోవడం అంటూ లేదు.

మా చెల్లెలు ఇప్పుడు తనకు వచ్చిన దంపుళ్ల పాటలను ఒక్కొక్కటిగా ఫోనులో రికార్డు చేస్తోంది. పక్కన మిక్సీ చప్పుడు, కాకి అరుపు కూడా పడుతున్నాయి. "అవి తీసేయడం ఎలాగరా అన్నయ్యా?" అని అడిగింది. ఉండనిమ్మన్నాను.

పదాలు - అర్థాలు

స్వీయానుభవం = తన సొంత అనుభవం
శ్రోతలు = వినేవారు
బాణీ = పాట నడిచే తీరు
వారసత్వం = పెద్దల నుండి వచ్చేది
గాలితిత్తి = గాలిని నింపి వదిలే సంచి

ఆలోచించండి - రాయండి

1. స్టూడియో రికార్డుకు, లైవ్ ఆల్బంకు తేడా ఏమిటి?
2. టెక్స్‌మెక్స్ సంగీతం ఏ రెండు వలసల కలయికతో పుట్టింది?
3. ఇంటి పాట నేర్చుకోవడంలో లాస్ లోబోస్‌కు ఎదురైన కష్టాలు ఏవి?
4. కాకి అరుపును 'ఉండనిమ్మని' రచయిత ఎందుకు అన్నారు? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.
5. మీ ఇంట్లో పెద్దవారికి తెలిసిన ఒక పాటను అడిగి, విని, రాసి ఉంచండి.