రేకు పెట్టెలోని పత్రికలు

ప్రియ చదువరీ, మీ యింట పాత పత్రికల కట్ట యేదైనను ఉన్నదా? ఉన్నయెడల దానిని తూకమునకు అమ్మకముందు నా మాట కొంచెము వినుడి. నేను అట్లు అమ్మి పశ్చాత్తాపపడినవాడను.

నా చిన్నతనమున మా యింటికి నెలనెల చందమామ వచ్చెడిది. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు 1947 జూలైలో మద్రాసునందు ఆరంభించిన పత్రిక అది. తపాలా బంట్రోతు దానిని తెచ్చిన సాయంకాలము మా అమ్మ లాంతరు ముట్టించి, అరుగుమీద కూర్చుండి బేతాళ కథను పైకి చదివెడిది. భుజముమీద శవముతో నడుచుచున్న విక్రమార్కుని బొమ్మ చూచుటకు పిల్లలమందరము తోసుకొనెడివారము. మరునాటినుండి ఆ సంచిక వీధిలోనికి బయలుదేరెడిది. ఎవరికి ఇచ్చినదో అమ్మ అట్ట లోపల పెన్సిలుతో వ్రాసుకొనెడిది: పోస్టుమాస్టరుగారి కోడలు, సూరమ్మత్త, చివరింటి చిన్నది. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు ఆ పేరు కొట్టివేసెడిది. ఏడెనిమిది యిండ్లు తిరిగి, పసుపు మరకలతో, నలిగిన అంచులతో అది మా రేకు పెట్టెకు చేరెడిది.

2007లో చందమామ ముంబయిలోని ఒక సాఫ్ట్‌వేరు సంస్థ చేతికి వెళ్లెను. తరువాత పాత సంచికలు ఇంటర్నెట్టులో ఉంచబడెను. మా కుమారుడు వాటిని కంప్యూటరులో చూపి, “నాన్నా, అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇంకా ఈ చెదలు పట్టిన పెట్టె ఎందుకు?” అనెను. నాకును నిజమేనని తోచెను. అమ్మ అప్పటికి మంచము పట్టియుండెను. ఆమెను అడుగకయే కట్టలన్నియు తూచి యిచ్చివేసితిని. సంగతి తెలిసినప్పుడు ఆమె నన్ను కోపపడలేదు. “సూరమ్మ దగ్గర ఒకటి ఉండిపోయిందిరా, అదైనా అడిగి తెచ్చుకో” అని మాత్రము అనెను. నేను వెళ్లలేదు. ఆమె మరియొక సంవత్సరము బ్రదికెను.

2013 నాటికి చందమామ అచ్చు ఆగిపోయెను. తరువాత ఆ వెబ్‌సైటును మూతపడెను. మా మనుమరాలు బేతాళ కథ చదువుమని అడిగిన రాత్రి, నా యొద్ద కాగితమును లేదు, తెరయును లేదు.

ఇది చదివి, ఇంటర్నెట్టు చెడ్డదని చెప్పబోవుచున్నాననుకొనకుడి. మా అక్క చూపు మందగించినది. అచ్చు పుస్తకము ఆమెకు మసకగా కనబడును. ఫోనులో రెండు వ్రేళ్లతో అక్షరమును పెద్దది చేసికొని తానే చదువుకొనుచున్నది. దూరదేశములో పని చేయుచున్న మా కుమారుడు తెలుగు పత్రికను వచ్చిన దినముననే చూచుచున్నాడు. అమెరికాలోని తెలుగువారు 1998లో ఆరంభించిన ‘ఈమాట’ కాగితముపై పుట్టక, ఇంటర్నెట్టులోనే పుట్టి పెరిగినది.

అయితే అచ్చుపుటను ఉన్నదున్నట్లు ఫొటోవలె తెరమీదికి ఎక్కించినంత మాత్రమున పత్రిక అక్కడికి చేరినట్లు కాదు. రెండు వరుసల పెద్ద పుట చిన్న ఫోనులో ఇమడదు. అటు జరిపి ఇటు జరిపి చదువరి విసుగుచెందును. మన అచ్చుపనిలో చాలకాలము వాడిన అను ఫాంటులకును యూనికోడునకును పొత్తు కుదరదు. అందుచేత ఆ వ్రాతను మార్చకుండ ఇంటర్నెట్టులో పెట్టినయెడల అర్థములేని గుర్తులు కనబడును. దానిని యూనికోడులోనికి మార్చి, తప్పులు దిద్ది, తెరకు తగినట్లు మరల కూర్చవలెను. అది ఓపికగల మనుష్యుల పని. పెద్ద పత్రికలును తడబడినవి. అమెరికాలోని న్యూస్‌వీక్ 2012 డిసెంబరు 31 తేదీ సంచికతో కాగితమును విడిచిపెట్టి, 2014 మార్చిలో మరల అచ్చునకు వచ్చెను.

మరియొక సంగతి ఆలోచించుడి. ఆ వెబ్‌సైటు పోయినను చందమామ సంచికలు అనేకములు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ఉచిత గ్రంథాలయములో దొరకుచున్నవి. అవి ఎట్లు మిగిలినవి? ఎవరో కొందరు పాఠకులు తమ ప్రతులను పారవేయక దాచి, పుట వెంబడి పుట స్కాను చేసి అక్కడ చేర్చిరి. నావలె అందరును అమ్మివేసియున్నయెడల వారు దేనిని ఎక్కించియుందురు? మా మనుమరాలికి తుదకు నేను చదివి వినిపించినది వారి పుణ్యముననే. కథ ఉన్నది, బొమ్మ ఉన్నది. అట్ట లోపల మా వీధివారి పేర్లు మాత్రము లేవు.

కాబట్టి చదువరీ, ఫోనులో పత్రిక వచ్చినయెడల సంతోషముగా పుచ్చుకొనుడి. అయితే మీ చేతిలోనే దాచుకొనక, చదువురాని పొరుగువారియొద్ద కూర్చుండి పైకి చదువుడి. ఫోను అక్షరములను తెచ్చును గాని వీధిలో ఇంటింటికి నడవదు. ఆ నడక మనదే. ఊరికి ఒక ప్రతియైనను కాగితముమీద భద్రపరచుడి.

పోయిన వేసవిలో నేను సూరమ్మత్త యింటికి వెళ్లితిని. ఆమె గతించి చాలకాలమైనది. ఆమె మనుమని భార్య అటకమీదినుండి అట్ట చినిగిన ఒక చందమామను దింపి నా చేతికిచ్చెను. లోపల అమ్మ పెన్సిలు వ్రాత అట్లే ఉన్నది. సూరమ్మత్త పేరు కొట్టివేయబడలేదు. నేను దానిని కొట్టివేసి పుస్తకమును సంచిలో పెట్టుకొనుచుండగా, ఆ యింటి చిన్నపిల్ల వచ్చి, “తాతా, నేను చదివి రేపిస్తాను” అనెను. పెన్సిలు మరల తీసి, ఆ పేర్ల క్రింద దాని పేరు వ్రాసితిని.