ముక్కులేని నెమలి

సూరత్‌లోని ఖటోదరా పారిశ్రామికవాడలో, జకార్డు మగ్గాల షెడ్డొకదానిలో నేను చాలాకాలం లెక్కలు వ్రాశాను. జకార్డు మగ్గానికి బుద్ధి అంతా దాని అట్టలలో ఉంటుంది. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. మామిడిపిందె గానీ నెమలి గానీ చీర అంచున అవతరించేది అలాగే.

ఒక దీపావళికి ముందు ఒకే అట్టల దండకు నకళ్లు తీయించి అన్ని మగ్గాలకూ ఎక్కించాము. మూలంలోనే కొన్ని రంధ్రాలు తప్పు పడ్డాయి. ఏ చీర విప్పి చూసినా ముక్కులేని నెమలి! సరుకంతా అయినకాడికి అమ్ముకున్నాము. పక్క షెడ్డులో మగ్గానికొక నమూనా నడిపేవారిని చాదస్తులని నవ్వేవాళ్లం. ఆ ఏడు వారు నవ్వారు.

దక్షిణాఫ్రికా చీతాల సంగతి చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ నెమలే.

1983లో స్టీఫెన్ ఓబ్రయన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 55 దక్షిణాఫ్రికా చీతాలను పరీక్షించి, 47 జన్యుస్థానాలలో ఒక్కచోటనైనా జంతువుకూ జంతువుకూ భేదం కనబడలేదని ప్రకటించారు. బంధుత్వం లేని చీతాల మధ్య చర్మం మార్చి అతికించి చూశారు. పరాయి చర్మాన్ని శరీరం సాధారణంగా త్రోసిపుచ్చుతుంది. ఇవి తమదే అన్నట్లు స్వీకరించాయి. 1982లో అమెరికాలోని ఓరెగాన్‌లో ఒక వన్యప్రాణి ఉద్యానంలోకి పిల్లులకు వచ్చే కరోనా వైరసు జబ్బు ప్రవేశించి, అక్కడి చీతాలలో సగానికి పైగా బలిగొన్నది. ఆ ఉద్యానంలోని సింహాలకు ఏమీ కాలేదు.

2015లో ఛూబాకా అనే నమీబియా మగ చీతా జన్యుక్రమాన్ని పూర్తిగా చదివారు. ఈ జాతి సుమారు లక్ష ఏళ్ల క్రితం ఒకసారి, పది పన్నెండువేల ఏళ్ల క్రితం మరొకసారి క్షీణించి కొద్ది జంతువులకు దిగిపోయిందని అందులో తేలింది. ఆ కొద్దిటి అట్టలకే నేటి చీతాలన్నీ నకళ్లు. (నకలు తీసేటప్పుడు కొత్త తప్పులూ దొర్లుతాయి గనుక ఈ పోలిక కొంతవరకే నిలుస్తుంది.)

ఆ చీతాలే 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు, మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చాయి. నిజానికి ఆ అడవిని సిద్ధపరచింది మా గుజరాతు సింహాల కోసం. వాటిలో కొన్నింటిని అక్కడికి తరలించమని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సింహాలు మాత్రం కదలలేదు.

హజీరాలో ఓడ ఎక్కి ఘోఘాలో దిగితే, అక్కడినుంచి గిర్ ఒక పూట ప్రయాణం. అక్కడి సింహాలదీ చీతాల కథే. ఆసియా సింహం జన్యుక్రమాన్ని 2019లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఎన్నడో అంతరించిన దక్షిణాఫ్రికా కేప్ సింహంతో సహా పలుప్రాంతాల సింహాల జన్యువులను పోల్చిన మరొక బృందం, భారత సింహాలలో వైవిధ్యం మిగిలినవాటికంటే ఎంతో స్వల్పమని 2020లో తేల్చింది. అంతకుముందే, 2018లో, కుక్కల డిస్టెంపరు వైరసు గిర్‌లో ప్రవేశించి కొన్ని వారాలలోనే ఇరవైకి పైగా సింహాలు మరణించాయి.

2025 దీపావళి వెళ్లాక సాసన్ వెళ్లాను. టేకు ఆకుల మీద ఒక ఆడసింహం, రెండు పిల్లలు పడుకుని ఉన్నాయి. ఆ ఏటి గణనలో సింహాలు 891కి పెరిగాయని జీపులోని గైడు గర్వంగా చెప్పాడు. మగ్గాలు సరే, అట్టల దండలు ఎన్ని అని అడగబోయి ఊరుకున్నాను. పిల్లలు రెండూ ఒక్కలాగే ఆవులించాయి.